మ్యూట్‌లో ఉన్నది నా ఫోనే

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. కిందటేడు నేనూ, మా తోటికోడలు సుజాతా ఆన్‌లైన్ కాలేజీలో అకౌంట్స్ కోర్సులో చేరాం. తను హాల్లో, నేను వంటింట్లో కూర్చుని క్లాసు వినేవాళ్లం.

ఒకరోజు మాస్టారు సరుకు నష్టానికి ఉదాహరణ అడిగారు. "వానాకాలం బెల్లం నీరుకారి తూకం తగ్గిపోద్ది సార్" అంది సుజాత. మాస్టారు ఒకటే మెచ్చుకోలు! నాకు ఒళ్లు మండిపోయింది. నా ఫోన్ మ్యూట్‌లో ఉందని చూసుకుని మరీ, "పొద్దున్న నే సెప్పిన ముక్కే అది! తనదే అన్నట్టు సెప్పేత్తంది సూడు!" అని అరిచాను.

హాల్లో సుజాత మైకు ఆన్‌లోనే ఉంది. నా అరుపు క్లాసంతటికీ వినపడింది.

"ఎవరమ్మా అది?" అన్నారు మాస్టారు.

"టీవీలో సీరియల్ సార్, కట్టేత్తాను" అంది సుజాత, తడుముకోకుండా.

నా పరువు దక్కింది. అది కూడా తన వల్లే దక్కాలా అని ఇప్పటికీ కుళ్లుకుంటూనే ఉన్నాను.