మామగారి పేరు మీద చలివేంద్రం

నరసరావుపేటలో మా ఇంటి బోరు నీళ్లకు మంచి పేరు. కొబ్బరినీళ్లలా ఉంటాయని వీధంతా బిందెలు పట్టుకుని వచ్చేది. ఆ పొగడ్త వినీ వినీ, బోరులో నీళ్లను నేనే ఊరిస్తున్నంత గర్వం నాకు.

మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు, ఎందుకైనా మంచిదని నీళ్లు పరీక్షకు ఇచ్చాం. నైట్రేట్ బాగా ఎక్కువగా ఉందన్నారు. ఎరువులో, సెప్టిక్ ట్యాంకో కారణమట. "నోటికి తెలవదమ్మా, కాచినా పోదు. పసిబిడ్డ పాలల్లో మాత్రం కలపమాకండి" అన్నాడు పరీక్ష చేసినాయన. మా సెప్టిక్ ట్యాంకు బోరు పక్కనే ఉంది. ఆ రోజు నుంచే తాగడానికి టిన్ను నీళ్లు కొని తెప్పించుకోవడం మొదలుపెట్టాం. వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే పరువు పోదూ!

ఎండాకాలం వచ్చింది. ఏటా మామగారి పేరు మీద గేటు ముందు చలివేంద్రం పెడతాం. తాటాకుల పందిరి, తడి ఇసుకలో కుండలు, పైన దండ వేసిన ఆయన ఫొటో. కుండల్లో పోసేది మాత్రం బోరు నీళ్లే.

"అన్ని టిన్నులు ఎవడు మోస్తాడు? పెద్దోళ్లకేం కాదులే, చంటిపిల్లలు చలివేంద్రానికొస్తారా ఏంది?" అన్నాడు మా ఆయన. నాకూ అది సబబుగానే తోచింది. తోచేటట్టు చేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి చంకలో బిడ్డతో వచ్చింది. బిడ్డను డాక్టరుకు చూపించి వినుకొండ బస్సుకు వెళుతోందట. పాలసీసాలో పొడి వేసి, కుండలో నీళ్లు ముంచబోయింది.

"అమ్మాయ్! అయ్యి పొయ్యమాక!" అని అరిచాను. సీసా లాక్కుని లోపలికి పరుగెత్తి, కాచి చల్లార్చిన టిన్ను నీళ్లతో పాలు కలిపి తెచ్చాను. బిడ్డ గుటగుటా తాగింది.

"నీ కడుపు చల్లగుండ పిన్నీ" అంది ఆ అమ్మాయి. తర్వాత తన కోసం గ్లాసు నింపుకుని, నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. "ఈ నీళ్లెందుకొద్దన్నావు?"

"చంటిదానికి మంచియ్యి కావమ్మా. పెద్దోళ్లకేం కాదు."

"మీ ఇంట్లో పెద్దోళ్లు ఇయ్యే తాగుతారా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. పందిట్లో నీళ్లు తాగుతున్నవాళ్లు నా వంక చూశారు. కుండల పక్కన మా ఆయన నీళ్లు ముంచే గరిటె పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. తాగుతామని చెబుదామని నోరు తెరిచాను. తెరిచి, కొంగుతో మొహం తుడుచుకున్నాను.

ఆ అమ్మాయి గ్లాసులో నీళ్లు ఇసుకలో పోసి, గ్లాసు బోర్లించింది. బిడ్డ మీద కొంగు కప్పుకుని ఆ ఎండలోకి దాహంతోనే వెళ్లిపోయింది. లోపల నిండు టిన్నులున్నాయి. వెనక్కి పిలిచి ఒక్క గ్లాసు ఇవ్వడానికి నాకు మొహం చెల్లలేదు.