మా జట్టుకు దిష్టి తీసిన రోజు

చలి గట్టిగా వేస్తే మనిషికి ఏ ఆట మీదైనా ప్రేమ పుడుతుందని నాకు విదేశంలో, హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో తెలిసింది. అప్పట్లో విమానం దిగిన మనవాళ్ళందరూ ఏదో ఒక కాలేజీలో తేలేవారు. మా క్లాసులో తెలుగులో గొణిగితే ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా అందరికీ అర్థమయ్యేది. ఫుట్‌బాల్ జట్టులో చేరితే మందపాటి జాకెట్ ఉచితంగా ఇస్తారని విని నేనూ చేరాను. అంతకుముందు నేను బంతిని కాలితో తాకింది క్రికెట్‌లోనే, అదీ వంగడానికి బద్ధకమేసినప్పుడు (సెలెక్షన్ నాడు ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు). జట్టులో సగానికి పైగా నాలాంటి జాకెట్ ప్రేమికులే. పాత కోచ్ మమ్మల్ని చూడకముందే రిటైరయ్యారు, అదృష్టవంతులు.

కొత్తగా వచ్చిన కోచ్ ఆరడుగుల పైచిలుకు మనిషి. స్కార్‌బరోలో చిన్నపిల్లలకు ఆట నేర్పి వచ్చారు, హెడ్ కోచ్‌గా ఇదే మొదటి ఉద్యోగం. “సార్ అనొద్దు, కోచ్ అనండి చాలు” అన్నారు మొదటిరోజు. “అలాగే సార్” అన్నాం. ప్రాక్టీస్ అయ్యాక తన వ్యానులో ఎక్కించుకుని ఒకణ్ణి కాఫీ షాపు దగ్గర, ఇంకొకణ్ణి వేర్‌హౌస్ దగ్గర షిఫ్టులకు దింపేవారు. ఏ మ్యాచ్ రోజున ఎవడికి షిఫ్టు పడుతుందో దేవుడికే తెలియాలి కాబట్టి, వచ్చినవాళ్ళే జట్టు. ఇక ఓడటం మొదలుపెట్టాం. సొంతూళ్ళో ఓడాం, పొరుగూరు కిచెనర్ వెళ్ళి మరీ ఓడాం, వానలో ఓడాం, ఎండ కాస్తే అప్పుడూ ఓడాం. ఒక్క గోల్ అంటే ఒక్కటి కొట్టిన పాపాన పోలేదు. మా గోల్‌కీపర్ కరీంనగర్ అన్నకు మొదటి మ్యాచ్‌లోనే ‘కిటికీ’ అని పేరు పడింది. గాలీ వెలుతురూ బంతీ అతన్ని దాటి ధారాళంగా లోపలికి వెళ్ళేవి.

ఇంతలో, ఒక్క గోలైనా లేకుండా సీజన్ ముగిస్తే వచ్చే ఏడాది ఈ కోచ్‌ను ఉంచరని కాలేజీ ఆఫీసులో అనుకుంటున్నట్టు తెలిసింది. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయం వేసింది. ఆ దేశంలో మమ్మల్ని “తిన్నారా?” అని అడిగే మనిషి ఆయనొక్కరే.

చివరి మ్యాచ్ ముందురోజు కిటికీ వాళ్ళమ్మ వీడియో కాల్‌లో విషయం తేల్చేశారు. “మీకు ఆట రాక కాదు బిడ్డా, దిష్టి తాకింది. గుమ్మడికాయ తిప్పి పలగ్గొట్టుండ్రి. కొట్టినంక ఎన్కకు తిరిగి సూడొద్దు.” అక్టోబరు నెల కావడంతో ఏ దుకాణం ముందు చూసినా గుమ్మడికాయలే (బూడిద గుమ్మడి దొరకలేదు, నారింజ రంగుదైనా గుమ్మడి గుమ్మడేనని ఆంటీ అనుమతి ఇచ్చారు). మ్యాచ్‌కు ముందు కుంకుమ నీళ్ళు పోసి, జట్టు చుట్టూ తిప్పి, ఒక గోల్ పోస్టు ముందు ఠపీమని పగలగొట్టాం. వెనక్కి చూడకుండా బుద్ధిగా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాం. గ్రౌండ్ చూసుకునే ఆయనెవరో తిట్టుకుంటూ ముక్కలు ఏరేశారట. గుజ్జూ గింజలూ మాత్రం తడిగడ్డిలోనే ఉండిపోయాయి.

టాస్ వేస్తే సరిగ్గా ఆ గోలే మా వంతుకు వచ్చింది. మొదటి బంతికే కిటికీ కాలు జారి వెల్లకిలా పడ్డాడు. బంతి అతని మీదుగా మర్యాదగా లోపలికి వెళ్ళింది. దిష్టి తీసినదాన్ని తొక్కకూడదని అప్పుడు గుర్తొచ్చి, మిగతా సమయమంతా ఆ చోటు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ ఆడాడు. సగం ఆట అయ్యేసరికి ఇంకో రెండు పడ్డాయి.

ఇక వైపులు మారాలి, అంటే ఆ గోల్ ఇప్పుడు వాళ్ళది. “గిప్పుడు సూడు, వాళ్ళ గోల్‌కీపర్ ఎట్ల జారుతడో!” అని కిటికీ ఆ సీజన్లో మొదటిసారి నవ్వాడు. తిరిగి చూసేసరికి కోచ్ బకెట్టూ తువ్వాలూ పట్టుకుని అటే నడుస్తున్నారు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో గుజ్జు ఎత్తడం మొదలుపెట్టారు.

“కోచ్, మీ ఉద్యోగం!” అన్నాను పరుగెత్తుకెళ్ళి.

“ఆ అబ్బాయి జారి కాలు విరగ్గొట్టుకుంటే వచ్చే గోల్ నాకెందుకు?” అన్నారు తలెత్తకుండా.

“ముట్టొద్దు సార్! దిష్టి మీకు తాకుతది!” అని కిటికీ కంగారులో తెలుగులోనే అరిచాడు. దిష్టి అంటే ఏమిటో నేను వివరించాల్సి వచ్చింది. మనల్ని చూసి కుళ్ళుకునేవాళ్ళ కన్ను పడిందనీ, అందుకే ఓడుతున్నామనీ చెప్పాను. కోచ్ చేయి ఆపి స్కోరు బోర్డు వైపు చూశారు. తర్వాత బురదలో నిలబడ్డ మావైపు చూశారు.

“కుళ్ళా? మనల్ని చూసా? ఎవరికి?”

ఆయనకు నవ్వు ఆగలేదు, ఆ గుజ్జులోనే చతికిలబడ్డారు. మేమూ నవ్వుతూ కూర్చుని, దిష్టీ గిష్టీ మర్చిపోయి, గింజ గింజా ఏరాం.

రెండో సగంలో గోల్ పడింది. కొట్టింది నేనేనని ఇప్పటికీ చెప్పుకుంటాను. లేసు కట్టుకుంటూ వంగిన నా వీపుకు మావాడెవడో తన్నిన బంతి తగిలి లోపలికి వెళ్ళిందని గిట్టనివాళ్ళు అంటారు (ఆ గిట్టనివాళ్ళలో కోచ్ కూడా ఉన్నారు). మ్యాచ్ ఓడిపోయాం. అయినా కోచ్‌ను భుజాల మీదికి ఎత్తబోయాం, బరువుకు సగంలోనే దించేశాం. మా గంతులు చూసి, గెలిచినవాళ్ళు అనుమానమొచ్చి స్కోరు బోర్డు మళ్ళీ చూసుకున్నారు. ఆ ఒక్క గోల్ పుణ్యమో, ఆ ఉద్యోగానికి ఇంకెవరూ అప్లై చేయకపోవడమో గానీ, మరుసటి ఏడాదీ ఆయనే కోచ్.

ఇప్పుడు నాకు కిచెనర్‌లో ఆఫీసూ, అలమర నిండా కొనుక్కున్న జాకెట్లూ ఉన్నాయి. అక్టోబరులో దుకాణాల ముందు గుమ్మడికాయలు కనబడితే కారు దానంతటదే నెమ్మదిస్తుంది. వెనక్కి తిరిగి చూడొద్దని ఆంటీ ఆనాడే చెప్పారు, నేనే మాట వినడం లేదు. చూసిన ప్రతిసారీ వీపంతా బురదతో, ఓడిపోయి కూడా ఆకాశమంత ఎత్తు ఎగురుతున్న ఆ కుర్రవాడు కనబడతాడు. వాణ్ణి చూసి కుళ్ళుకునేది ఎవరని అడిగారు కదా కోచ్, ఆనాడు చెప్పలేకపోయాను. నేనే.