టీవీలో లేని మాట

సార్ పోయిన కబురు సార్ నంబరు నుంచే వచ్చింది. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన శుభోదయం పువ్వు కింద, "నాయన పొద్దున పోయినాడు" అని వాళ్లమ్మాయి రాసింది. దానికి ఒకరు అలవాటు కొద్దీ బొటనవేలు బొమ్మ పెట్టి, చూసుకుని తీసేశారు. గిద్దలూరులో మా మందుల దుకాణం కౌంటర్ వెనక నిలబడి చదివాను. ఎదురుగా ఒకామె బీపీ మాత్రల చీటీ పట్టుకుని ఉంది. మాత్రలు కత్తిరించి ఇచ్చాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య దేనికీ వెంటనే రావడం లేదు, ఒళ్లూ మనసూ అంతగా అలిసిపోయి ఉంటున్నాయి.

ఆయన మార్కాపురంలో మాకు సైన్సు చెప్పిన సార్. మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో ఆకాశం గురించి ఒక సీరియల్ వచ్చేది. అంతా ఇంగ్లీషు. హెడ్మాస్టరు గదిలో ఉన్న టీవీ ముందు మమ్మల్ని కింద కూర్చోబెట్టి, సార్ పక్కన నిలబడి ఒక్కో మాటా తెలుగులో చెప్పేవారు. పలకల ఫ్యాక్టరీల దగ్గర పారబోసిన విరిగిన ముక్కలు ఏరుకొచ్చి తలా ఒకటి ఇచ్చేవారు. సీరియల్ అయిపోగానే అర్థం కానిది ఏదో ఒకటి దాని మీద రాయాలి. బాగుంది అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. "బాగుండేది నాకూ తెలుసు. నీకు తెలీంది ఏందో రాయి" అనేవారు.

మాకు ఆ టీవీ ఎంతో, సార్ అంత. టీవీలో ఆయన ఇంగ్లీషు మాట్లాడితే ఈయన తెలుగు మాట్లాడుతున్నాడు, ఇద్దరూ ఒకటే అనుకునేవాళ్లం. సార్‌కి ఆ ఇంగ్లీషు సగమే అర్థమయ్యేదనీ, మిగతా సగం బొమ్మలు చూసి ఆయనే అల్లేవారనీ మాకేం తెలుసు.

ఆ సంగతి నిరుడు బయటపడింది. అదే సీరియల్‌ని కొత్తగా తీసి తెలుగులో వేశారు. గ్రూపంతా తిరునాళ్లలా అయింది. గ్రాఫిక్స్ అదిరిపోయాయని ఒకరు, పాతదానికి ఇది సాటి రాదని ఇంకొకరు, ఆ పాత సంగీతం ఏదని ఒకరు. ప్రకటనలు ఎక్కువయ్యాయని తిట్టినవాళ్లూ ఉన్నారు. చూడకుండానే సూపర్ అని పెట్టినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. సార్ అన్నీ చదివేవారు, ఏమీ రాసేవారు కాదు.

నేను మాత్రం ఒక్క మాట కోసం చూస్తూ కూర్చున్నాను. అది చెప్పాలంటే మళ్లీ వెనక్కి పోవాలి. నేను ఏడో తరగతిలో ఉండగా మా నాయన పోయాడు. ఏడాదైనా బడిలో నేను నోరు విప్పేదాన్ని కాదు. ఒక ఆదివారం టీవీలో చుక్కల వెలుగు గురించి చెబుతున్నారు. సార్ చెబుతూ చెబుతూ ఆగి నా వైపు తిరిగారు. "అమ్మా, టీవీలో ఆయన ఏమంటుండాడో తెలుసునా? పొద్దు గూకినాక ఆ పక్క బాగా మెరిసే పెద్ద చుక్క ఉంటాది చూడు. దాని వెలుగు మన కాడికి రావాలంటే ఎనిమిదేండ్ల పైన పడతాదంట. అంటే ఇప్పుడు నీకు కనపడేది మీ నాయన ఉన్నప్పుడు బయలుదేరిన వెలుగే" అన్నారు. ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి ఆ చుక్కను మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. మర్నాడు బడిలో మాట్లాడాను. నా బతుకులో ఎవరైనా నాకిచ్చినవాటిలో అంత గట్టిగా పట్టుకున్నది ఇంకోటి లేదు.

కొత్త సీరియల్‌లో ఆ భాగం వచ్చింది. గంటసేపు కళ్లార్పకుండా చూశాను. ఆ చుక్క ఊసే లేదు. నాయన మాట సరే, ఎనిమిదేళ్ల మాట కూడా లేదు. ఇంతకాలం పట్టుకు వేలాడింది అబద్ధమేమో అనిపించి కోపం వచ్చింది. ఆ కోపాన్ని వేళాకోళం చేసి గ్రూపులో పెట్టాను. సార్ చెప్పిన సీరియల్ వేరు, వీళ్లు చూపించే సీరియల్ వేరు అని రాసి, నవ్వే బొమ్మలు నాలుగు పెట్టాను. ఇక మిగతావాళ్లు అందుకున్నారు. శని చుట్టూ ఉన్నది పొగ అన్నారు కదా సార్ అని ఒకరు, తోకచుక్క తోక మంట అన్నారు కదా అని ఇంకొకరు. మొదలుపెట్టింది నేనే.

సార్ ఉడుక్కోలేదు. ఒక పలక ముందు పెట్టుకుని ప్రతి భాగమూ చూసి, తాను అప్పట్లో తప్పు చెప్పినవన్నీ రాసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి దిద్దేవారు. గ్రూపులో పెడితే పోయేది కదా సార్ అంటే, "తప్పు నోటితో చెప్పినా. ఒప్పు కూడా నోటితోనే చెప్పాల" అన్నారు. దొనకొండ స్టేషన్ దగ్గర టీ కొట్టు నడిపే మా క్లాసువాడు ఫోన్ ఎత్తకపోతే రైలెక్కి వెళ్లారట. సార్ వచ్చి కొట్టు ముందు నిలబడేసరికి పెళ్లి కార్డు తెచ్చారేమోనని వాడు చేతులు తుడుచుకుని ఎదురొచ్చాడు. శని చుట్టూ ఉండేది పొగ కాదనీ, ఐసు ముక్కలూ రాళ్లూ అనీ చెప్పి, టీ తాగి, తిరుగు రైలుకి వచ్చేశారట సార్.

నాకూ ఫోన్లు వచ్చేవి, ఆదివారం మధ్యాహ్నాలు. నేను స్పీకర్‌లో పెట్టి స్టాకు సర్దుకుంటూ, సరే సార్, అట్లనే సార్ అనేదాన్ని. ప్రతిసారీ మధ్యలో సర్దడం ఆపేదాన్ని, ఈసారి ఆ చుక్క మాట ఎత్తి అది కూడా తప్పేనమ్మా అంటారేమోనని. శని గురించి చెప్పారు, తోకచుక్క గురించి చెప్పారు, చుక్క మాట మాత్రం ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఫోన్‌లో వెతికితే నిమిషంలో తెలుస్తుంది కదా అంటారు. నిజమే. తెలుసుకోవడానికే భయం. సార్ రెండుసార్లు, ఒకసారి ఇంటికి వచ్చిపో అమ్మా అన్నారు. దుకాణం వదలడం కుదరదు సార్ అన్నాను. గిద్దలూరికీ మార్కాపురానికీ ఎంత దూరమని.

పదకొండో రోజున వెళ్లాను. వచ్చినవాళ్లంతా భోజనాలు చేసి వెళ్లిపోయారు. పొద్దు గూకే వేళకి నేనూ, సార్ భార్యా మిగిలాం. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. అమ్మ లోపలికి పోయి పలక తెచ్చి నా చేతిలో పెట్టింది. కొట్టివేతలు లేని సార్ రాత. ఒక్కో వరసలో ఒక్కో తప్పు, పక్కన ఒప్పు, ఆ పక్కన ఎవరెవరికి చెప్పారో పేర్లు, పేరు పేరుకీ టిక్కు. అన్నిటికంటే కింద నా పేరు, దాని పక్కన ఇంత రాసి ఉంది:

"చుక్క మాట టీవీలో లేదు. నేనే చెప్పినా. లెక్క మళ్లా వేసి చూసినా. సరిపోయింది."

టిక్కు లేదు.

"ఇది ఫోన్లో చెప్పేది కాదు, ఆ బిడ్డ వచ్చినాక చెప్తా అన్నాడమ్మా" అంది అమ్మ. మరి టీవీలో చెప్పారని ఎందుకన్నారని అడిగాను. "నేను చెప్తే పిల్ల నమ్ముతాదో లేదో, టీవీ చెప్పిందంటే నమ్ముతాది అనుకున్నాడంట" అంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. పదకొండు రోజులు రానిదంతా వచ్చింది. పలక తడవకుండా అమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. ఇంతకాలం నేను టీవీని నమ్మానా, సార్‌ని నమ్మానా అని ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు. సార్ మాత్రం నా కోసం లెక్క మళ్లీ వేశారు.

కాసేపటికి మొహం కడుక్కుని వాకిట్లోకి వచ్చాను. ఎదురింటి నీళ్ల ట్యాంకు పైన ఆ పెద్ద చుక్క వచ్చి ఉంది. ఎనిమిదేళ్ల పైన. అంటే ఇప్పుడు నాకు కనపడేది సార్ ఉన్నప్పుడు బయలుదేరిన వెలుగే. వచ్చే ఏడూ అదే, ఆ పై ఏడూ అదే. అమ్మని బలపం అడిగాను. గడప మీద కూర్చుని, ఆ వెలుతురులో కళ్లు చికిలించుకుని, నా పేరు పక్కన టిక్కు పెట్టాను.