పటంతోపాటు మనిషి

తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పే సుదర్శనానికి ఒకటే పిచ్చి. బానిసత్వం రద్దయినందుకు గుర్తుగా వెనకటికి ఇంగ్లండులో అచ్చేసిన పటాలు పోగుచేయడం. తెగిన సంకెళ్ళు, ఆకాశానికెత్తిన చేతులు. ఇంట్లో గోడ కనిపించేది కాదు. “కూరగాయలు తెమ్మంటే సంకెళ్ళు తెస్తాడీ మనిషి,” అని భార్య పద్మాక్షి తల బాదుకునేది.

ఎన్నేళ్ళుగానో వెతుకుతున్న పటమొకటి పలమనేరు దగ్గర పల్లెలో, భూస్వామి దొరస్వామి ఇంట్లో ఉందని తెలిసింది. పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో పడుతూ లేస్తూ పోయాడు. పటం వడ్ల గదిలో బూజు పట్టి ఉంది.

“ఊరికే తీసుకపో అయ్యోరా,” అన్నాడు దొరస్వామి. “మా మునివెంకటప్ప మోసుకొస్తాడు. వాణ్ణీ తోలుకపో. నెల దినాలు పెట్టుకో, కట్టెలు కొడతాడు, నీళ్ళు తోడతాడు. వానలు పడినంక పంపీ.”

తండ్రి చేసిన అప్పుకు ఆ ఇంట్లో జీతగాడైన మునివెంకటప్ప పటం దులుపుతూ తలెత్తలేదు. సుదర్శనం దొరస్వామి వైపు తిరిగాడు. ఛీ, ఎద్దును ఎరువిచ్చినట్టు ఇస్తున్నాడే!

“వెట్టి చెల్లదని చట్టమొచ్చింది గదండీ?”

“రేడియోలో ఇన్నాలే. వాడు మా ఇంటి మనిషప్పా.”

“నాకు మనిషి అక్కర్లేదు,” అని ఖరాఖండిగా చెప్పేశాడు సుదర్శనం. పటం మాత్రం అక్కర్లేదనలేదు మహానుభావుడు.

మునివెంకటప్ప పటాన్ని బస్సుదాకా నెత్తిన మోశాడు. సీటు పక్కన ఆనించి మెల్లగా అన్నాడు. “నా బిడ్డ దేవకమ్మను తిరపతికే ఇచ్చినాము సామీ. పెండ్లామూ పోయినంక నాకుండేది అదొకతే. పెండ్లి నాడు సూసిందే. అయ్య పంపుతాననె, మీరు వద్దంటిరే.”

సుదర్శనానికి ఒళ్ళంతా చీదర పుట్టింది. దొరస్వామి మీద కాదు, తన మీద. పెద్దమనిషితనం తనకు, ఏడుపు వీడికి. పటం చంకన పెట్టుకుని బస్సు దిగాడు.

దొరస్వామి అరుగు మీద ఆకూవక్కా నములుతున్నాడు.

“పటం వద్దు. మనిషిని ఇవ్వండి.”

అంటుంటేనే ఉమ్మేయాలనిపించింది. మనిషిని ఇమ్మని ఇంకో మనిషిని అడుక్కోవడం! ఇంత బతుకూ బతికి ఇదీ అయింది.

“రెండూ ఊరికే ఇస్తినే, ఒకటే సాలంటావే,” అని నవ్వాడు దొరస్వామి. “దున్నకాల నాటికి పంపీ, మరిచేవు.”

“పంపుతాను,” అన్నాడు సుదర్శనం. పంపే ఉద్దేశం వీసమెత్తు కూడా లేదు.