కానుక సంచిలో ఫుట్‌బాల్ బిళ్ళ

ఆత్మకూరులో వెండి షాపు అద్దంలో ఫుట్‌బాల్ బొమ్మున్న బిళ్ళ చూసి ఆగిపోయినాను. మా మామ కువైట్ నుంచి తెచ్చిన వెండి బిళ్ళ అచ్చం ఇట్టాంటిదే. ఉదయగిరిలో మన మ్యాచ్‌లన్నిటికీ దాంతోనే టాస్, గుర్తుండాదారా?

నేను పోగొడతానని అవ్వ దాన్ని కొంగున ముడేసుకునేది. ఒక ఆదివారం చర్చిలో కంటికి ఆనక, రూపాయనుకోని కానుక సంచిలో వేసేసినాది. తర్వాత సంచి నా ముందుకొచ్చినాది. చెయ్యి పెట్టినాను. బిళ్ళ చల్లగా తగిలినాది. గుప్పిట బిగించినాను.

"ఏందిరా, వేస్తన్నావా తీస్తన్నావా?" సంచి పట్టుకున్న అన్న గట్టిగానే అడిగినాడు. బెంచీల్లో అందరూ నా వైపు తిరిగినారు.

వదిలేసినాను. ఖాళీ చెయ్యి బయటికి తీస్తే, కానుక వేసినాననుకోని అవ్వ నా తల నిమిరినాది.

సాయంత్రం బిళ్ళేదిరా అని మీరంతా మీద పడితే నేనొక పెంకు ఏరుకొచ్చినాను. దానికి ఒక పక్క ఉమ్మేసి టాస్ వేసినాం.