కిష్టమ్మ తవుడు బేరం

మాదాపూర్ గుట్టల మధ్య గుండ్రటి పెద్ద మేడ ఒకటి లేస్తున్న రోజుల్లో కిష్టమ్మ కాలి బొటనవేలికి ఏడుగురు పిల్లలు వేలాడేవారు. ఇది ఆమె చెప్పుకునే గొప్ప. అసలు సంగతి ఏమిటంటే, మేడ కట్టే కూలి ఆడవాళ్ళు తమ పసిపిల్లల్ని వేపచెట్ల నీడలో చీర ఉయ్యాలల్లో పడుకోబెట్టి పనికి ఎక్కేవారు. ఏడు ఉయ్యాలలనూ వరసగా ఒకే తాడుతో కలిపి, ఆ తాడు కొసను కిష్టమ్మ తన బొటనవేలికి కట్టుకునేది. వేలు కదిపితే ఏడుగురూ ఊగేవారు. కదపడానికి మెలకువగా ఉండనక్కర లేదని ఆమె మొదటి వారంలోనే కనిపెట్టింది.

మేస్త్రి రాములు వచ్చి గద్దించేవాడు. "ఏంది కిష్టవ్వా, నిద్రకు గూడ కూలి ఇయ్యాల్నా నీకు?"

"నేను నిద్రపోతున్న. నా వేలు నిద్రపోతున్నదా? జర చూస్కో."

వేలు నిజంగానే ఊగుతుండేది.

ఆ కునుకులో ఆమెకు కలలు వచ్చేవి. తాను చిన్నప్పుడు సీతాఫలాలు ఏరుకున్న గుట్టల మీద ఆ మేడ ఒక పెద్ద వడ్ల గుమ్మిలా నిలబడేది. పది అంతస్తుల కిటికీలకూ చీర ఉయ్యాలలు, ఆకుపచ్చవీ, కుంకుమ రంగువీ, అన్నీ ఒక్కసారే ఇటు వచ్చి ఒక్కసారే అటు పోయేవి. వాటి తాడు కొస మాత్రం ఎప్పుడూ తన వేలికే ఉండేది. కలలో కూడా పెత్తనం వదలని మనిషి.

ఉయ్యాలలు ఊపడం ఒక్కటే కాదు, కిష్టమ్మకు ఇంకో పని కూడా ఉండేది. ఏ పిల్లకైనా మాటిమాటికీ జ్వరం వస్తుంటే తల్లి ఆ పిల్లను చాటలో పెట్టి కిష్టమ్మకు అమ్మేది. కిష్టమ్మ గుప్పెడు తవుడు ఇచ్చి కొనేది. పిల్లను ఒకసారి ఎత్తుకుని, ముద్దు పెట్టుకుని, మళ్ళీ ముందుకు చాపేది. తల్లి అదే తవుడు తిరిగి ఇచ్చి పిల్లను కొనుక్కునేది. జ్వరానికి అంతా అయోమయం. పిల్ల చేతులు మారిందని విని కిష్టమ్మ ఇంటికి వెతుక్కుంటూ వస్తుంది, వచ్చేసరికి పిల్ల అక్కడా ఉండదు. తవుడు కిష్టమ్మ ఇంటి గేదెది. తెచ్చేది కోడలు నీలమ్మ.

నీలమ్మకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మొగుడు వీరేశం బాలానగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తాడు. మొక్కని దేవుడు లేడు, చూపించని దవాఖాన లేదు. మధ్యాహ్నం అత్తకు సద్ది తెచ్చి, వెళ్ళేటప్పుడు ఏడు ఉయ్యాలల్లోకీ తొంగి చూసేది. చివరి ఉయ్యాల దగ్గర ఆమె కాళ్ళు మొరాయించేవి. కిష్టమ్మ కళ్ళు మూసుకునే అది చూసేది.

ఆ చివరి ఉయ్యాల బాలమణి కొడుకు శేఖర్‌ది. బాలమణిది పాలమూరు వైపు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. గమేళా అనే ఇనుప తట్టలో సిమెంటు మాలు మోసేది. రెండు నెలల కింద మొగుడు పచ్చకామెర్లతో పోయాడు. పోయిన పదిహేను రోజులకు కడుపుతో ఉన్నానని తెలిసింది. ఒకరోజు సద్దులు విప్పిన చోట చెప్పేసింది.

"రేపు దవాఖానకు పోత. తీపిచ్చుకుంట."

ఇటుకలు మోసే సత్తెమ్మ ముద్ద దించేసింది. "గట్లనకు పోరీ. చచ్చినోడు నీ కడుపుల తిరిగొస్తుండు. పాపం తగులుతది."

"తిరిగొచ్చినోడు కూలి తెస్తడానే?" అంది పక్కనున్న పోచమ్మ. "ఉన్న పిల్లగాని కడుపు నింపుడు పుణ్యం గాదా?"

"నువ్వు మోస్తవా పాపం?"

"మరి నువ్వు మోస్తవా ఆ పిల్లను?"

ఇద్దరూ కలిసి తీర్పు కోసం కిష్టమ్మ వైపు తిరిగారు. కిష్టమ్మ తీర్పు చెప్పడానికి తలెత్తింది. సద్ది గిన్నె పట్టుకుని నీలమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆమె మొహం వైపు చూడకుండా ఉండాల్సింది, చూసింది. ఆ పూట కిష్టమ్మకు కునుకు రాలేదు.

మరునాడు దవాఖానకు తోడు వస్తానని బయలుదేరింది. దారిలోనే మనసు మళ్ళించాలని ఆమె ఉద్దేశం. ఆ సంగతి అప్పుడు ఎవరైనా అడిగితే కాదనేది, ఇప్పుడు అడిగితే ఒప్పుకుంటుంది.

డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది. "మూడో నెలేనమ్మా. కావాలంటే తీయించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ఉంచుకుంటానన్నా నీ ఇష్టమే. వారంలోగా ఆలోచించుకుని రా. ఎవరి మాటో విని మాత్రం ఏదీ చేయకు." ఆ చివరి మాట అంటున్నప్పుడు కిష్టమ్మ వైపు చూసింది. "ఈవిడెవరు?"

"మా పిల్లలను ఊపే తొట్టెల అవ్వ," అంది బాలమణి.

బయట అరుగు మీద కూర్చున్నారు. కిష్టమ్మ దారంతా అల్లుకున్న మాటలన్నీ డాక్టరమ్మ ఒక్క చూపుతో తుడిచేసింది.

"తప్పంటవా అవ్వా?" అని అడిగింది బాలమణి.

"అనను బిడ్డా. నేను గూడ ఓపారి తీపిచ్చుకున్న. వీరేశంకు రెండేండ్లు. కరువు పడ్డది, తిననీకి గటక గూడ లేదు. పక్కూరి మంత్రసాని ఏదో మందు పోసింది. మూడు నెల్లు మంచం పట్టిన. తప్పు చేసిన్నని ఎన్నడు అనుకోలే. గానీ మల్ల నా కడుపు పండలే."

"మరి నన్నేం చెయ్యమంటవు?"

కిష్టమ్మ కొంగు చివర మెలిపెట్టింది. "నా ఇంట్ల ఒకతి ఉన్నది. నీకు ఎరికే. కని ఇస్తే సాదుకుంటది. నీ పిల్ల ఏడికి పోదు, గీ మాదాపూర్లనే పెరుగుతది."

"గీ మాట నా కోసం అంటున్నవా, నీ కోడలు కోసమా?"

"సగం సగం." మెలిపెట్టిన కొంగు వదిలేసింది. "కాదు, నా కోడలి పాలే ఎక్కువ. గందుకే నా మాట మీద ఏం చెయ్యకు."

మొగుడు పోయాక బాలమణి నవ్వడం అదే మొదలు. నవ్వి, వెంటనే ఆపింది. "తొమ్మిది నెలలు మొయ్యమనుడు అల్కగ చెప్తివి. కడుపుతోని గమేళా ఎట్ల మొయ్యాలె? మొయ్యకుంటే శేఖర్‌గానికి కూడెట్ల?"

కిష్టమ్మ తన బొటనవేలి వైపు చూసుకుంది. తాడు ఒరిసి నల్లగా గీత పడింది. "వేలు ఊపుడు వస్తదా నీకు?"

ఉయ్యాలల పని తనకు వదిలేస్తానంటోందని బాలమణికి మెల్లగా అర్థమైంది. "కన్నంక ఇయ్యబుద్ధి గాకుంటే?"

"ఇయ్యకు. ఆఖరి దాక నీ మాటే మాట. నేను నోరెత్తను. ఎత్తితే నాలుక మీద వాత పెట్టు."

నాలుగు రోజులు బాలమణి ఎప్పటిలాగే గమేళా మోసింది. ఐదో రోజు పొద్దున వచ్చి కిష్టమ్మ పక్కన కూర్చుని కాలు ముందుకు చాపింది. కిష్టమ్మ తన వేలికున్న తాడు విప్పి ఆ వేలికి ముడి వేసింది.

ఆ రోజు నుంచి కిష్టమ్మ కొత్త గోడలకు నీళ్ళు కొట్టే పనిలోకి దిగింది. అరవై దాటిన మనిషి, చీర ఎగదోపి, పైపు చంకన పెట్టుకుని మెట్లు ఎక్కుతుంటే రాములు కడుపు పట్టుకుని నవ్వాడు.

"నువ్వు గోడకు కొడుతున్నవా, పైపే నీకు కొడుతున్నదా కిష్టవ్వా?"

"కొత్త గోడ పసిపిల్ల అసువంటిది నాయినా. పొద్దుమాపు తాగియ్యాలె."

మొదట్లో ఒళ్ళంతా తడిసి రాత్రిళ్ళు కీళ్ళు పట్టేసేవి. తర్వాత ఆ పనిలో కూడా ఆమెకు కలలు పట్టాయి. ఎండలో నీళ్ళు చిమ్మితే చిన్న ఇంద్రధనుస్సు ఒకటి గోడ మీదికి ఎక్కి కూర్చునేది. గోడ చప్పుడు చేస్తూ నీళ్ళు పీల్చేది, పాలు తాగే పిల్లలా. ఐదో అంతస్తు నుంచి కిందికి చూస్తే ఏడు ఉయ్యాలలు రంగురంగుల చేపల్లా ఈదేవి. ఎనిమిదో ఉయ్యాల బాలమణి కడుపులో ఊగుతోందని తనకొక్కదానికే కనిపించేది.

ఇంకొకటి కూడా కనిపించేది. బాలమణి ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, వంగి, లోపలి బిడ్డతో ఏదో మాట్లాడేది. అది చూసినప్పుడల్లా కిష్టమ్మ చేతిలో పైపు దారి తప్పి, గోడ వదిలి రాములు మీద పడేది. "ఇస్తదా, ఇయ్యదా?" అని గోడను అడిగేది. నీలమ్మ ఇప్పుడు ఇద్దరికి సద్ది తెచ్చేది. గిన్నె బాలమణి ముందు పెట్టి, ఆ కడుపు వైపు చూడకుండా తిరిగి వెళ్ళేది. ఆశ పడితే దిష్టి తగులుతుందని భయం.

సర్కారు దవాఖానలో బాలమణికి ఆడపిల్ల పుట్టింది. ఆమె ఇస్తాననే చెప్పాక వీరేశం వకీలు దగ్గర దత్తత కాగితం రాయించుకొచ్చాడు. కిష్టమ్మ కంటికి కాగితం ఆనలేదు. పిల్లను ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక పద్ధతి ఉండాలి కదా అంది. ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఇరవై ఒకటో రోజు పొద్దున, వేపచెట్ల కింద, మేడ కూలీలందరి ముందు చాటకు పసుపు రాసింది.

బాలమణి పిల్లకు కడుపారా పాలిచ్చి చాటలో పడుకోబెట్టింది. నీలమ్మ గుప్పెడు తవుడు తీసి ఆమె చేతిలో పోసింది. వంగి పిల్లను ఎత్తుకుంది. ముద్దు పెట్టుకుంది.

అప్పుడు సత్తెమ్మ అలవాటు కొద్దీ గట్టిగా అరిచింది. "ఇగ కొనుక్కో బాలమణీ!"

ఈ ఆటకు రెండో సగం ఉందని కిష్టమ్మ మరిచేపోయింది. ఎన్నిసార్లు ఆడించిందో, ఒక్కసారి కూడా పిల్ల కొన్నవాళ్ళ దగ్గర నిలవలేదు. ఇన్నేళ్ళుగా చూసి చూసి ఉన్న నీలమ్మ చేతులు కూడా వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి. చాచాక నీలమ్మకు తెలిసింది. వెనక్కి తీసుకోలేకపోయింది.

పిల్ల ఇద్దరి మధ్యా గాలిలో ఉంది. బాలమణి గుప్పిట్లో తవుడు ఉంది.

"ఇది ఉత్త ఆట గాదు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కిష్టమ్మ నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని గట్టిగా కొరుక్కుంది. మాట ఇచ్చింది కదా. జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అదొక్కసారేనని వీరేశం ఇప్పటికీ అంటాడు.

బాలమణి పిల్ల మొహంలోకి చూసింది. గుప్పిట కొంచెం పైకి లేచింది. మేడ మీద సుత్తి చప్పుళ్ళు కూడా ఆగినట్టు అనిపించింది కిష్టమ్మకు. ఆ గుప్పిట పిల్ల దగ్గరదాకా వచ్చి, వెనక్కి తిరిగింది. బాలమణి తవుడును తన కొంగులో పోసుకుని ముడి వేసింది. రెండో ముడి కూడా వేసింది.

"నేను కొంటలేనక్కా," అంది నీలమ్మతో. "గీ తవుడు నా కాడనే ఉంటది. నీ కాడికి మల్లొస్తే పిల్ల నాకు మల్లొస్తది. గందుకే తీస్కపోతున్న." శేఖర్‌ను చంకనెత్తుకుని, తడి కళ్ళతోనే వెళ్ళి గమేళా అందుకుంది.

మేడ పూర్తయ్యాక బాలమణి మణికొండ వైపు పనికి వెళ్ళింది. ఏడాదికోసారి వచ్చేది, ఇప్పుడూ వస్తుంది. పిల్ల ఆమెను పిన్నీ అంటుంది. అన్నీ తెలిసే అంటుంది.

ఆ పిల్ల రోహిణి ఇప్పుడు అవ్వను ఏడిపించడమే పనిగా పెట్టుకుంది.

"గుప్పెడు తవుడుకే కొన్నవా అవ్వా నన్ను? జర బేరమాడితే అర్ధ గుప్పెడుకు వస్తుంటి గద."

"నువ్వు చౌకనా? ఆర్నెల్లు గోడలకు నీళ్ళు కొట్టిన్నే, దొంగముండా."

అంటూనే మంచం మీద కునుకులోకి జారుతుంది. వేలికి తాడు లేదు, కింద ఉయ్యాలలూ లేవు. బొటనవేలు మాత్రం ఇటూ అటూ ఊగుతూనే ఉంటుంది.