ఇవెట్ చూపుడువేలు

న్యూయార్క్‌లో, బ్రూక్లిన్ నేల కింద నడిచే మా రైలుకి ఇవెట్ బాటిస్ట్ కండక్టరు. స్టేషన్ వచ్చిన ప్రతిసారీ కిటికీలోంచి తల బయటపెట్టి, ప్లాట్‌ఫారం మీద వేలాడే నలుపు తెలుపు చారల పలకకేసి చూపుడువేలు చాపుతుంది. ఆ పలక తనకి సరిగ్గా ఎదురుగా ఉంటే రైలు సరైన చోట ఆగినట్టు. వేలు చాపాకే తలుపులు తెరవాలి. ఇరవై రెండేళ్ల అలవాటు మూలాన ఇంటి దగ్గర లిఫ్టు ఆగినా ఆ వేలు లేస్తుంది. రైలు సొరంగంలో నిలిచిపోతే మాత్రం ఆ వేలికి పనుండదు. అప్పుడు తాళాలగుత్తిని గిరగిరా తిప్పుతుంది, బూటుతో నేలను తడుతుంది, గడియారం చూస్తుంది, మళ్లీ చూస్తుంది.

మొన్న మంగళవారం పొద్దున్న కిక్కిరిసిన రైలు అలాగే ఆగింది. "కాసేపట్లో బయల్దేరుతాం" అని రికార్డు గొంతు నాలుగోసారి చెప్పేసరికి ఒకాయన ఆవిడ గది తలుపు దబదబా బాదాడు. "ఏమ్మా, ఆ చిలకపలుకులు ఆపి నిజం చెప్పు! లేటైతే నా ఉద్యోగం ఊడుతుంది!" ఇవెట్ రికార్డు ఆపి మైకు అందుకుంది. "అయ్యా, అమ్మా, నేను కండక్టర్ని. ముందున్న సిగ్నల్ మొరాయించింది. అది వయసులో మా అమ్మకన్నా పెద్దది. ఎప్పుడు కదుల్తామో నాకు తెలీదు. రెండేసి నిమిషాలకోసారి మళ్లీ చెప్తా." రైలు కదిలేలోపు తొమ్మిదిసార్లు మైకు అందుకుంది, తొమ్మిదిసార్లూ తెలీదనే చెప్పింది. ఐదోసారికి పెట్టెలో నవ్వులు వినిపించాయి.

ఆ సాయంత్రమే పైఅధికారి కాగితం ఇచ్చాడు: ఇంకోసారి సొంత మాటలు చెబితే రైల్లోంచి దింపేస్తాం. మర్నాడు అదే సొరంగం, అదే సిగ్నల్. రికార్డు గొంతు మొదలైంది. కాగితం ఇంకా జేబులోనే ఉంది. ఇవెట్ తాళాలు తిప్పుతూనే ఉంది. ఇంతలో తలుపు మీద నిన్నటాయన గుద్దు. "కండక్టరమ్మా, నువ్వేనా? ఆ గొంతు నొక్కేసి, తెలీదని నువ్వే చెప్పు తల్లీ!"

తాళాలు ఆగాయి. చూపుడువేలు లేచి మైకు మీట నొక్కింది.